కుడివైపు అరిగిన టైరు

ఫిబ్రవరి 6

వదినకి,

మీరు ఫోన్ ఎత్తడం లేదు. నేను చేసి చేసి, మా ఆవిడ చేత కూడా చేయించి, ఇక లాభం లేదని కాగితం పట్టుకున్నాను. నా రాత సంగతి మీకు తెలుసు, కోడి గీకినట్టు ఉంటుంది. ఓపిక పట్టి చదవండి.

అక్కడి నుంచి వచ్చిన మర్నాడే షాపు తెరిచాను. పంక్చర్లు ఎవరి చావు కోసమూ ఆగవు కదా. నిన్న ఒకాయన కారు టైరు మార్చమని వచ్చాడు. పాతది విప్పి పక్కన పెట్టి, దాన్నే చూస్తూ నిలబడిపోయాను. ఆయన హారన్ కొడితే గానీ ఈ లోకంలోకి రాలేదు.

సూటిగా విషయానికి వస్తాను. అన్నయ్య బండి వరండాలోనే ఉందా? ఎవరినీ ఎక్కనివ్వకండి. వెనక చక్రానికి ఉన్న ఆ కారు టైరు విప్పించే దాకా దాన్ని కదపొద్దు. ఆ రోజు నేను అందరి ముందూ "ఈ టైరే చంపింది" అన్నందుకు మీ మనసు నొచ్చుకుని ఉంటుంది. కానీ కళ్ళకి కనపడేదాన్ని కాదనలేం కదా. కుడివైపు మొత్తం అరిగి గుండైపోయింది. ఎడమవైపు గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. ఒక పక్కే అలా అరిగిందంటే టైరు బండిని లాగుతోందని అర్థం. ఆ మాట నేను అంటే మీరూ ఊఁ అన్నారు.

ఎన్నిసార్లు చెప్పాను వదినా ఆయనకి! మోటార్‌సైకిల్ టైరు గుండ్రంగా చేసేది అందం కోసం కాదు, మలుపులో బండి వాలాలి కాబట్టి. కారు వాలదు కాబట్టి కారు టైరు పీటలా చదునుగా ఉంటుంది. దాన్ని తెచ్చి దీనికి తొడిగితే మలుపులో బండి ఆ పీట అంచు మీద నిలబడాలి. రిమ్ము పట్టు కూడా వేరే. నేను ఇంత చెబితే ఆయన నవ్వేవాడు. "నీ టైర్లు ఏడాదికే గుండవుతున్నాయిరా చక్రం, ఇదైతే నాలుగేళ్ళు వస్తుంది, నా లెక్క నాకుంది" అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను వెయ్యనంటే ఇంకెక్కడో వేయించుకున్నాడు. ఆ తర్వాత ఆయన నా షాపు వైపు రాలేదు, నేను మీ ఇంటి వైపు రాలేదు. ఇద్దరం ఒక్క తల్లి కడుపున పుట్టాం మరి, పంతానికి ఎవరూ తీసిపోలేదు.

మా ఆవిడ ఒక్కటే అడగమంటోంది. మీరు ఏడ్చారా అని. ఆ రోజంతా మీ కంట నీటిచుక్క లేదని ఆవిడకి బెంగగా ఉంది. ఏడిస్తే భారం దిగుతుందట.

మంచి టైరు ఒకటి పంపే ఏర్పాటు చూస్తాను.

మీ మరిది,
చక్రం


ఫిబ్రవరి 19

చక్రానికి,

ఉత్తరం అందింది. కోడి గీకినట్టే ఉంది.

ఫోన్ దిండు కింద ఉంటుంది. మోగితే తెలుస్తుంది. ఎత్తితే ఎలా ఉన్నావని అడుగుతారు. దానికి ఏం చెప్పాలో తెలియక ఎత్తడం లేదు, అంతే.

పనికి వెళ్తున్నాను. ఈ నెలంతా జేబులు కుడుతున్నాను. ఏదో ఆసుపత్రికి తెల్ల కోట్లట, కింద రెండు జేబులు, పైన ఒకటి. కోటు ఎలా ఉంటుందో నేను చూడను, జేబుగుడ్డ ఒక్కటే నా దగ్గరికి వస్తుంది. నేను ఎడమ కాలితో పెడలు తొక్కుతాను కాబట్టి నా మిషను మూలకి వేసి ఉంటుంది. కిటికీ లేదు. నయమే. పక్క మిషను ఆవిడ, నేను కన్నీళ్ళు పెట్టలేదని భోజనాల గదిలో చెప్పుకుంటోందట. ఉన్న మాటే. రావడం లేదు. పన్ను పీకించుకునేటప్పుడు మత్తు సూది వేస్తే చెంప మనది కానట్టు ఉంటుంది చూడు, నాకు ఒళ్ళంతా అలా ఉంది. మీ ఆవిడకి అదే చెప్పు.

వంటింట్లో కుళాయి కారుతోంది. ఆయన సంచిలో తూకపు రాళ్ళు అలాగే ఉన్నాయి. ఊరూరా తిరిగి షాపుల్లో తూకాలు బాగుచేసేవాడు కదా, సరిచూడడానికి అవి లేనిదే బయల్దేరేవాడు కాదు. వాటిలో రెండు తీసి కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను.

బండి వరండాలోనే ఉంది. టైరు సంగతి నీ ఇష్టం.

వదిన


మార్చి 1

వదినకి,

నా ఇష్టమన్నారు, చాలు. నా మీద కోపం లేదని అర్థమైంది, నాకు సగం బరువు దిగింది.

మోటార్‌సైకిల్ టైరు ఒకటి లారీలో వేశాను. గోనెపట్టా చుట్టి ఉంటుంది. డబ్బు మాట ఎత్తొద్దు. మీ వీధి మూలన మెకానిక్ ఉన్నాడు కదా, అతనికి చూపించండి. వెనక టైరు గాలి ఎంత ఉండాలో లోపల చీటీ పెట్టాను. ఆ కారు టైరుకి అన్నయ్య ఎంత గాలి కొట్టించేవాడో ఆ దేవుడికే తెలియాలి.

కుళాయికి వాషరు పోయి ఉంటుంది. అది కూడా ఒకటి గోనెలోనే పెట్టాను.

ఇంకో పని చేశాను. అన్నయ్య తిరిగే మోటార్‌సైకిళ్ళ సంఘం వాళ్ళకి ఉత్తరం రాశాను. వాళ్ళలో సగం మంది కారు టైర్లు వేసుకుని, మీసం మెలేసి తిరుగుతున్నారని ఆయనే ఒకసారి చెప్పాడు. అన్నయ్యకి జరిగింది వివరంగా రాసి, మా వదిన కూడా ఒప్పుకుంది, ఇకనైనా బుద్ధి తెచ్చుకోండని చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఒప్పుకుంటాను. కనీసం ఇంకొకరి చేతులు కాలకుండా ఉంటాయి కదా.

షాపులో కంప్రెసర్ మోటారు కాలిపోయింది. చేత్తో గాలి కొడుతున్నాను. భుజం నొప్పి తప్ప అంతా క్షేమం.

మీ మరిది,
చక్రం


మార్చి 16

చక్రానికి,

టైరు వచ్చింది. లారీవాడు గేటు దగ్గర దించి వెళ్తే నేనే దొర్లించుకుంటూ వచ్చాను. వరండాలో బండి పక్కన గోడకి ఆనించాను. కొత్త రబ్బరు వాసన ఇల్లంతా పట్టింది. కుళాయి బాగైంది, పక్కింటాయన వేశాడు.

నీ ఉత్తరం చదివి సంఘం వాళ్ళు వచ్చారు. ఎంతమందో లెక్కపెట్టలేదు. చెప్పులు మెట్ల కింద దాకా ఉన్నాయి. మొదట చేతులు కట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఒకాయన వంగి టైరు చూశాడు. అంతే, ఇంకొకాయన వంగాడు. కాసేపటికి అందరూ బండి చుట్టూ గొంతుక్కూర్చున్నారు. గుండ్రం వాళ్ళు ఒక జట్టు, చదును వాళ్ళు ఒక జట్టు. వానలో కారు టైరే పట్టుగా ఉంటుందని ఒకాయన, మలుపులో చూపించు నీ పట్టు అని ఇంకొకాయన. తయారు చేసినవాళ్ళే వద్దంటుంటే నీకెందుకయ్యా అని మరొకాయన. టీ ఇచ్చాను. తాగుతూ కూడా అదే. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. నాకు సంకటమూ తెలియలేదు. పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను.

వెళ్తూ టైరుకి ఫోటో తీసుకున్నారు. దాన్ని పెద్దది చేయించి, వాళ్ళు కూర్చునే టీ కొట్టు గోడకి అంటించారు. పని నుంచి వస్తూ చూశాను. కింద ఎర్ర రంగుతో ఆయన పేరు, పక్కన "మొండితనం తెచ్చిన చావు" అని ఉంది. ఆ రంగు ఇంకా ఆరలేదు, వేలు పెడితే అంటుకుంది.

మూల మెకానిక్ బండి తనకి ఇచ్చేయమంటున్నాడు. తీసుకెళ్ళమన్నాను. ఆదివారం వస్తానన్నాడు.

వదిన


మార్చి 20

వదినకి,

ఇవ్వకండి! ఈ ఉత్తరం ఆదివారం దాటాక అందుతుందేమోనని మెకానిక్‌కి ఫోన్ చేసి చెప్పాను, ముట్టుకోవద్దని. మీరు అలా ఎలా అన్నారు? అతను ఆ టైరుతోనే నడిపితే? అతని పెళ్ళాం పిల్లలకి నేనేం జవాబు చెప్పాలి? అయినా అన్నయ్య బండి అది. నా తోడబుట్టినవాడి బండి. వద్దనుకుంటే ముందు నాతో ఒక మాట అనాలి కదా. నేను పరాయివాడినా? కంటి ముందు ఉంటే మీకు కష్టంగా ఉందని తెలుసు. అందుకని ఎవడు అడిగితే వాడికి ఇచ్చేస్తారా?

గోడ మీద రాసిన మాట కాస్త మోటుగానే ఉంది. కానీ వదినా, ఆ ఫోటో చూసి ఇద్దరు కారు టైర్లు తీయించారట. సంఘం పెద్ద ఫోన్ చేసి చెప్పాడు. అన్నయ్య పోతూ పోతూ ఇద్దరిని బతికించాడనుకోండి. నేను అలాగే అనుకుని నిద్రపోతున్నాను.

తప్పుగా రాస్తే క్షమించండి. కోపంలో ఉన్నాను.

చక్రం


ఏప్రిల్ 4

చక్రానికి,

బండి ఎక్కడికీ పోలేదు. మెకానిక్ రాలేదు.

నువ్వు నిద్రపోతున్నానన్నావు కాబట్టి ఇది రాయాలా వద్దా అని ఇన్నాళ్ళు ఆలోచించాను. రోజూ ఆ టీ కొట్టు ముందు నుంచే నడవాలి నేను. వేరే దారి లేదు. మొదటి వారం ఏమీ అనిపించలేదు. మొన్న ఒకతను వాళ్ళబ్బాయికి ఆ రాత చదివి వినిపిస్తున్నాడు. అప్పుడు ఒళ్ళు మండింది. మండిందని నాకే ఆశ్చర్యం వేసింది.

మీ అన్నయ్యని ఏ టైరూ చంపలేదు. వంతెన దాటాక బండి పక్కకి తీసి ఆపాడు. సైడు స్టాండు వేశాడు. హెల్మెట్ తీసి అద్దానికి తగిలించాడు. తూకపు రాళ్ళ సంచి దించి పక్కన పెట్టుకుని, రోడ్డు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాల వ్యాను డ్రైవరు ఇదంతా చూశాడు. కునుకు తీస్తున్నాడనుకున్నాడట. తిరిగి వస్తుంటే ఇంకా అలాగే ఉన్నాడని దిగి చూశాడు. ఆయన్ని ఎత్తి వ్యానులోకి చేర్చే తొందరలో ఎవరి కాలో తగిలి బండి పడిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు పడిన బండినీ, తీసుకెళ్తున్న మనిషినీ చూశారు. ఊరంతా అదే పాకింది. గుండె ఆగిందని డాక్టరు నాతో చెప్పాడు. దెబ్బ ఒక్కటి కూడా లేదు ఒంటి మీద. చొక్కా బొత్తాం కూడా ఊడలేదు.

ఇవి ఎందుకు చెప్పలేదంటావు. ఎవరేమన్నా ఊఁ అంటున్నాను ఆ రోజు. మంచినీళ్ళు తాగుతావా అంటే ఊఁ, దహనానికి వేళైంది అంటే ఊఁ. నువ్వు టైరు చంపిందంటే దానికీ ఊఁ. నువ్వు దాన్ని పట్టుకుని ఊరికి చాటావు.

ఇంకో మాట. నువ్వు గేటు లోపలికి వచ్చి ముందు ఆ టైరు దగ్గర కూర్చున్నావు. దాని మీద చెయ్యి వేసి చూశావు. ఆ తర్వాతే ఆయన దగ్గరికి వచ్చావు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను.

వదిన


ఏప్రిల్ 12

వదినకి,

ఉత్తరం షాపులో విప్పాను. చదివి షట్టరు దించేశాను. లోపలే కూర్చున్నాను.

మీరన్నది నిజం. ముందు టైరే చూశాను. ఎవరి బండి లోపలికి వచ్చినా నా చూపు మనిషి మీదికి పోదు, చక్రం మీదికే పోతుంది. ఇన్నేళ్ళ అలవాటు. అన్నయ్య ముఖం చూసే ధైర్యం లేక కూడా కావచ్చు. నాకు తెలియదు.

సంఘం వాళ్ళకి ఫోన్ చేశాను. ఫోటో తీసెయ్యమన్నాను. సంఘం పెద్ద ఒప్పుకోవడం లేదు. "గుండె అయితే గుండె కానీ, టైరు ఒక పక్కే అరిగిందన్నది అబద్ధమా? మీరేగా రాశారు" అంటున్నాడు. నేను రాసిన ఉత్తరమే నా ముఖాన కొట్టాడు. నా మాట నెగ్గాలని అడగడం లేదు, ఒట్టు. గుండె ఆగితే టైరు కుడివైపు గుండైపోదు. వంకర ఫ్రేము కూడా కాదు, ఆ రోజే చూశాను, నిటారుగా ఉంది. ఎడమ పక్క ఎప్పుడూ ఏదైనా బరువు వేలాడుతుంటే ఇలా అరుగుతుంది. ఆ తూకపు రాళ్ళ సంచి ఎడమ పక్కన తగిలించేవాడా? గుర్తు తెచ్చుకుని ఒక్క ముక్క రాయండి. అది దొరికితే ఆ గోడ మీది కాగితం నేనే వచ్చి పీకేస్తాను.

చక్రం


ఏప్రిల్ 23

చక్రానికి,

రాళ్ళ సంచి ఎప్పుడూ వీపు మీదే, నడిమధ్యన. ఒక పక్క వేసుకుంటే భుజం పడిపోతుందనేవాడు.

ఎడమ పక్క వేలాడింది నేనే.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. గుడ్డ తాను భుజాన వేసుకుని మెట్లు దిగుతూ పడ్డాను, మా ఫ్యాక్టరీలో. కుడి మోకాలు అప్పటి నుంచి వంగదు. తెలిస్తే మిషను మీద నుంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఆయన చేత కూడా చెప్పనని ఒట్టు వేయించుకున్నాను, తమ్ముడికి కూడా చెప్పొద్దని. నువ్వు నోట్లో నువ్వుగింజ నానని మనిషివి. ఎడమ కాలితో తొక్కడం నేర్చుకున్నాను. అటూ ఇటూ కాళ్ళు వేసి బండెక్కడం కుదరదు, రెండు కాళ్ళూ ఎడమవైపే వేసి కూర్చునేదాన్ని. రోజూ పొద్దున దింపేవాడు, సాయంత్రం ఏ ఊళ్ళో ఉన్నా వచ్చి ఎక్కించుకునేవాడు.

అలా ఎక్కిన మొదటిరోజు బండి నా వైపుకి జారినట్టు ఒరిగింది. కేక పెట్టాను. దిగిపోయి, నడిచే వెళ్తానన్నాను. కుంటుతూ నడిచి వెళ్ళాను కూడా. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఆయన ఆ లావుపాటి టైరుతో వచ్చి, "ఇప్పుడెక్కు" అన్నాడు. కదల్లేదు బండి. నేనేమీ అడగలేదు. ఎక్కువకాలం వస్తుందని వేయించానంటే అదే అనుకున్నాను, నీకు చెప్పినట్టే.

నువ్వు అడిగింది ఇదేనో కాదో.

వదిన


మే 2

వదినకి,

ఇదే.

మీ ఉత్తరం చదివి మా ఆవిడని బయటికి పిలిచాను. రెండు కాళ్ళూ ఎడమవైపు వేసి నా వెనక కూర్చోమన్నాను. ఈ వయసులో ఇదేం సరసం అని తిట్టింది, వీధిలో అందరూ నవ్వారు. అలాగే కూర్చోబెట్టుకుని వీధి చివర దాకా పోయి వచ్చాను. అప్పుడు తెలిసింది నా భుజాలకి. వెనక మనిషి బరువు ఎడమకి ఉంటే, బండి సూటిగా పోవాలంటే నడిపేవాడు కాస్త కుడికి ఒరగాలి. కొంచెమే. చూసేవాడికి తెలియదు, నడిపేవాడికి నడుము లాగుతుంది. గుండ్రటి టైరైతే ఆ వంపు కనపడనివ్వదు. చదును టైరు కాబట్టి కుడి అంచు అరిగిపోయింది.

లాగింది టైరు కాదు వదినా. అన్నయ్య మీ కోసం రోజూ కుడికి ఒరిగి నడిపాడు. దాన్నే నేను ఊరందరికీ తప్పని చూపించాను.

కారు టైరు మోటార్‌సైకిల్‌కి పనికిరాదు. ఇప్పటికీ అదే అంటాను, రేపు ఎవరైనా తెచ్చి వెయ్యమంటే వెయ్యను. కానీ మోకాలి సంగతి ఆయన నాతో ఒక్క ముక్క అని ఉంటే, పక్కన తొట్టి కట్టిన బండే తయారుచేసి పంపేవాణ్ణి. ఒట్టు వేశాడు కాబట్టి అనలేదు. నాలుగేళ్ళు వస్తుందని నాతో వాదించి, నా చేత మొండివాడని అనిపించుకుని ఊరుకున్నాడు. ఆ కుందేలుకి మూడే కాళ్ళని పట్టుబట్టింది ఆయన కాదు, నేను.

సంఘానికి మళ్ళీ రాశాను. నేను చెప్పింది తప్పని, మా అన్నయ్య బండి ఆపి, స్టాండు వేసి, కూర్చుని పోయాడని రాశాను. మోకాలి సంగతి రాయలేదు. మరి టైరు ఎందుకలా అరిగిందని అడుగుతారని తెలుసు. తూకాలవాడి లెక్క తూకాలవాడిది, మీకు అక్కర్లేదని రాశాను. కాగితం నిన్న తీసేశారట.

ఈ నెలాఖరు ఆదివారం వస్తాను. ఈసారి ముందు ఇంట్లోకి వస్తాను. బండి ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి.

మీ మరిది,
చక్రం


మే 11

చక్రానికి,

గోడ ఖాళీగా ఉంది, చూశాను. కాగితం అంటించిన చోట జిగురు మరక ఉంది. పర్వాలేదు.

నీ ఉత్తరం చదివి వరండాలోకి వెళ్ళాను. ఈ కాలితో వంగలేను కదా, మెల్లగా కింద చతికిలబడి, ఆ టైరుకి కుడివైపు చెయ్యి పెట్టాను. నున్నగా ఉంది, కాళ్ళకి అరిగిన గడపలా. మొదట ఏమీ కాలేదు. తర్వాత నా బరువు ఎంతో ఆయన ఎప్పుడూ అనలేదని గుర్తొచ్చింది. ఏ కొట్లో ఏ తూకం ఎంత తప్పిందో ఇంటికొచ్చి చెప్పే మనిషి. లావయ్యావని కూడా ఎప్పుడూ అనలేదు. వెనక కూర్చుని నేను ఎన్ని కబుర్లు చెప్పేదాన్నో. గాలికి వినపడక ఊఁ అనేవాడు. ఆయన ఒరిగి ఉన్నాడని నాకు ఒక్కనాడూ తెలియలేదు. బండి నిటారుగానే పోతోందనుకున్నాను.

పక్కింటాయన వచ్చి లేపాడు. ఆ అరుపు నాదని నాకు ఆయన చెబితే గానీ తెలియలేదు.

బండి నువ్వే తీసుకెళ్ళు. నీ గుండ్రటి టైరే వేసుకో. వెనక కూర్చునేవాళ్ళు లేరు కాబట్టి అదే సరిపోతుంది. ఈ పాతది మాత్రం ఇక్కడే వదిలెయ్యి, నాకు కావాలి. వచ్చేటప్పుడు మీ ఆవిడని కూడా తీసుకురా. ఆవిడ అడిగినదానికి జవాబు ముందే చెప్పు. ఏడ్చాను. భారం దిగలేదు.

వదిన